టచింగ్ పడని చెయ్యి

ముఖాన్ని తెల్లగా చెయ్యమని నన్ను అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ మాటను ఆ మాటగా అనలేదు. "కొంచెం బ్రైట్‌నెస్ పెంచండి" అనేవారు. "లైటింగ్ సరిగ్గా పడలేదండీ, కాస్త చూడండి" అనేవారు. ఒకాయన మరీ మర్యాదస్తుడు, "మా అమ్మాయికి కాస్త కళ తెప్పించండి" అన్నాడు. ఆ అమ్మాయి ముఖంలో కళకు ఏ లోటూ లేదు. లోటల్లా చూసేవాళ్ళ కళ్ళలో ఉంది. దానికి నా దగ్గర మందు లేదు, ప్రింటరే ఉంది.

అప్పట్లో మేము దేశం విడిచి వచ్చి, యూ టీ అనే పేటలో అద్దె ఫ్లాటులో ఉండేవాళ్ళం. నా ఉద్యోగం సైన్స్ పార్కులో. కంప్యూటరు తెలిసిన ప్రతివాడికీ ఎక్కడినుంచో పిలుపు వచ్చే రోజులవి. సాయంత్రం రైలు దిగి నడిచి వస్తుంటే ప్రతి బ్లాకులోనూ ఏదో ఒక అంతస్తు నుంచి ఆవాల పోపు వాసన తగిలేది. డిజిటల్ కెమెరాలు అందరి చేతుల్లోకీ వస్తున్నాయి గాని, కాగితం మీద ఉంటేనే అది ఫోటో అన్న పట్టుదల మనవాళ్ళలో ఇంకా పోలేదు. నేను ఆ ఏడు ఒక ఇంక్‌జెట్ ప్రింటరు కొన్నాను. నీళ్ళలో కరిగిపోయే రంగు కాకుండా, మెత్తగా నూరిన రంగుపొడిని సిరాలో కలిపి చల్లే కొత్తరకం. దాని ఫోటోలు తరాలు మారినా వెలిసిపోవని పెట్టె మీద రాసి ఉంది. తరాల సంగతి ఏమోగాని, వచ్చిన రోజునే మా భోజనాల బల్ల సగం అది ఆక్రమించుకుంది.

"దానికి విస్తరి వేసి, మీకు నేల మీద వడ్డించనా?" అంది మా ఆవిడ.

నేను పెరిగింది హేతువాదుల మధ్య. మా ఊరి గ్రంథాలయం మేడ మీద ఆదివారాలు వాదోపవాదాలు జరిగేవి. ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా "ఋజువేది?" అని అడగడం నేను అక్కడే నేర్చుకున్నాను. కులం మీద ఎంత మండిపడేవాళ్ళమో రంగు పిచ్చి మీదా అంతే మండిపడేవాళ్ళం. పెళ్ళి ప్రకటనల్లో ఆడపిల్లకు, సంతలో కోడెదూడకు చెప్పినట్టు, రంగూ పొడుగూ చెప్పుకునే జాతి ఏ మొహంతో ఇతరుల వివక్షను విమర్శిస్తుందని నేను వేదికలెక్కి అడిగినవాణ్ణి. సముద్రం దాటినంత మాత్రాన ఆ నోరు మూతపడుతుందా? నా ప్రింటరు దగ్గర ఒకటే నియమం పెట్టాను. ఉన్న రంగు ఉన్నట్టు. ఆ నియమం విన్నాక చాలామంది ఫోటోలు వెనక్కి తీసుకుపోయారు. మిగిలినవాళ్ళకు నేను ఉచితంగా ఫోటోతోపాటు ఉపన్యాసం కూడా ఇచ్చేవాణ్ణి.

మా అంతస్తులోనే, కారిడారు చివర, హైదరాబాదు ముస్లిం కుటుంబం ఒకటి ఉండేది. కుటుంబమంటే తల్లీ కూతురూ. ఆమె ఒక బ్యాంకు సాఫ్ట్‌వేరు పరీక్షించే పనిలో ఉండేది. భర్త కూడా అదే రంగంలో ఉండేవాడట. పాప ఇంకా ఉయ్యాల్లో ఉండగానే గుండె ఆగి పోయాడు. మేము ఆ బ్లాకుకు వచ్చేసరికే పాప బడికి పోతోంది. ఆయన్ని మేము చూడలేదు. ఆమె మా ఆవిణ్ణి భాభీ అనేది, నన్ను భాయ్‌సాబ్ అనేది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలంగాణ తెలుగు. పాప మాత్రం ఎవరు ఏ భాషలో పిలిచినా, మాట చివర 'లా' తగిలించే ఆ ఊరి ఇంగ్లీషులోనే పలికేది.

ఒక శనివారం ఆమె చేతిలో కవరు పట్టుకుని వచ్చింది.

"భాయ్‌సాబ్, మా ఆయన ఫోటో ఒకటుంది. మా నిఖా నాటిది. అందుల రంగు జెర..." అని ఆగింది.

ఆ 'రంగు జెర' నాకు చాలు. అందుకున్నాను. చనిపోయిన మనిషిని కూడా తెల్లగా చేస్తే తప్ప తలుచుకోలేని దశకు వచ్చామా అన్నాను. సూర్యుడు దగ్గరగా ఉన్న దేశాల్లో చర్మానికి నలుపు గొడుగులాంటిదని, అది తక్కువతనం కాదు రక్షణ అని, చదువుకున్న మీలాంటివాళ్ళే ఇలా అడిగితే ఎలాగని... ఇంకా ఎంత దూరం వెళ్ళేవాణ్ణో!

"ముందు ఆవిణ్ణి కూర్చోమనండి. ఉపన్యాసానికైనా శ్రోతలకు కుర్చీలు వేస్తారు" అని వంటింట్లోంచి మా ఆవిడ అరిచింది.

ఆమె కూర్చోలేదు. నేను ఊపిరి తీసుకునే సందు చూసి అంది: "నేను తెల్లగ జెయ్యమంటలేను భాయ్‌సాబ్. నల్లగ జెయ్యమంటున్న."

అలాంటి కోరిక నేను అంతకుముందు వినలేదు. వేదిక మీద ఎదుటి పక్షం లేచి 'మీరు చెప్పిందే మేమూ అంటున్నాం' అంటే వక్తకు కాళ్ళకింద నేల ఎలా జారుతుందో నాకు అలా అయింది.

కవరులోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చున్నాడు. ముఖం మీద వేలాడే పూల సెహరా పైకెత్తి తల మీదికి వేశారు. ముఖం సున్నం వేసిన గోడలా, ఒక్క మడత లేకుండా, తెల్లగా ఉంది. ఇలా కుంచెతో ముఖం తెలుపు చెయ్యడాన్ని మన ఊళ్ళ స్టూడియోల్లో టచింగ్ అంటారు. అడిగితే చేసేది కాదు. టీలో చక్కెరలా, వద్దంటే తప్ప వేసేస్తారు.

"ఆయన గిట్ల లేకుండె. మంచి నలుపు. నేనే జెర తెలుపు గదా, బజార్ల పోతుంటె మా దోస్తులు పాలూ డికాషనూ అనేటోళ్ళు" అని కొంచెం నవ్వింది. తరవాత నవ్వు ఆపేసి అసలు సంగతి చెప్పింది.

పాపది తండ్రి రంగు. బళ్ళో ఎవరో పిల్ల, నువ్వు మీ అమ్మలా లేవేమని అడిగింది. పాప ఇంటికొచ్చి ఆల్బం తీసింది. అమ్మ తెలుపు. అబ్బా, అంటే నాన్న, ఇంకా తెలుపు. ఆ రాత్రి అన్నం తింటూ అడిగిందట, ఆస్పత్రిలో నేను మారిపోయానా అని.

"నవ్వులాటకు అడిగిందేమో అనుకున్న. కాదు. మళ్ళ అడిగింది. ఈత క్లాసుకు పోతలేదు, ఎండల ఇంక నల్లగైత అంటది. మీ అబ్బా నీ రంగే అని నేను జెప్తె నమ్మదు. ఫోటో జూపిస్తది నాకే. ఫోటోల ఉన్నది అబద్ధమా అమ్మీ అంటది. ఏం జెప్పాలె?"

"మీ అత్తగారు చెప్పొచ్చు కదా?"

"ఆమెనే మొదలు! సెలవులకు వొస్తది, వొచ్చినప్పుడల్ల బిడ్డను ఒళ్ళ కూసోబెట్టుకొని, నా కొడుకు దొర లెక్క ఉండె అని జెప్తది. అబద్ధం గాదు భాయ్‌సాబ్, ఆమెకు గట్లనే యాదికి ఉన్నడు. రోజూ ఈ ఫోటోనే సూస్తది గదా. వొచ్చే నెల వొస్తది. ఆమె ఔనంటేనే బిడ్డ నమ్ముతది."

నాకు సాక్ష్యాన్ని తారుమారు చెయ్యడమంటే ఏమిటో తెలుసు. కాని ఒక కుంచె వేటుతో తల్లి జ్ఞాపకంలోంచే కొడుకు రంగును తుడిచెయ్యొచ్చునని అంతవరకు తెలియదు. ఆ స్టూడియో వాడు చెడ్డవాడు కాదు. పెళ్ళివారికి సంతోషం కలిగించాలనుకున్నాడు. వందల పెళ్ళిళ్ళకు అదే సంతోషం కలిగించి ఉంటాడు. మన ఇళ్ళలో ఎన్ని ఆల్బాల్లో ఎంతమంది తండ్రులు, తల్లులు ఇలా సున్నం కింద పడి ఉన్నారో!

వేరే ఫోటోలు లేవా అని అడిగాను. ఉన్నాయి గాని పనికిరానివి. ఇంట్లో కెమెరా ఆయనదే కావడంతో ఎప్పుడూ దాని వెనకే ఉండేవాడు. ఉన్న రెండు మూడింట్లో ఫ్లాషు ముఖాన పడి తెల్లబోయింది. ఆఫీసు బృందం ఫోటోలో ముఖం నువ్వుగింజంత. నెగటివులు హైదరాబాదు ఇంట్లో వానకు తడిసి అంటుకుపోయాయట.

పెళ్ళి ఫోటోను స్కాన్ చేసి తెర మీద పెద్దది చేశాను. ముఖం మీద కుంచె పోయిన దారి కనిపించింది. నుదురు, బుగ్గలు, చెవులు, మెడ. కాలరు దగ్గర కుంచె ఆగింది. ఆ తెలుపు కింద ఏముందో కంప్యూటరు చెప్పదు. అది ఉన్నదాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది, లేనిదాన్ని కనిపెట్టదు. ముదురు చేసి చూశాను. సున్నం గోడ మట్టిగోడ అయింది గాని మనిషి కాలేదు. ఎంత ముదురు చెయ్యాలి? దేనితో పోల్చాలి? మళ్ళీ అదే ప్రశ్న, ఋజువేది?

బొమ్మను కిందికి జరిపాను. మోకాళ్ళ మీద చేతులు కనిపించాయి. కుడిచేతిలో మడత పెట్టిన తెల్ల రుమాలు.

"ఈ చేతులు ఎవరివి?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్న. కాని ఆ ముఖమూ ఆ చేతులూ ఒకే మనిషివంటే ఎవరూ నమ్మరు. చేతులు మంచి నలుపు. టచింగ్ చేసినవాడు ముఖం దగ్గర పని ముగించి చేతుల్ని మరిచిపోయాడు. పెళ్ళికొడుకు చేతుల్ని ఎవరు చూస్తారు?

ఆమె తెరకు దగ్గరగా వంగింది.

"బొటనవేలు సూడు భాభీ" అంది మా ఆవిడతో. "జెర వంకర. చిన్నప్పుడు తలుపు సందుల పడ్డదంట. ఇన్నేండ్లు ఈ ఫోటో నా దగ్గరనే ఉన్నది, చేతులు సూడనే లేదు."

నాకు కావలసినవన్నీ ఆ మోకాళ్ళ మీదే దొరికాయి. ఫోటో పాతబడి పసుపెక్కింది కదా, ఎంత పసుపెక్కిందో రుమాలు చెప్పింది. రుమాలు తెల్లగా వచ్చేదాకా సవరించాను. అప్పుడు చేతి రంగు అసలు రంగుకు వచ్చింది. చేతి రంగును ముఖానికి అద్దాను. కళ్ళకింద, ముక్కుపక్క నీడలకోసం ఫ్లాషు పడిన ఫోటోలు సాయపడ్డాయి. వారం రోజుల సాయంత్రాలు పట్టింది. ఎండకు చేతులు ముఖంకన్నా ముదురుతాయి కదా అని నేను సందేహపడితే, ఆమె నా వెనక నిలబడి "ఇంక జెర... ఆగు... ఎక్కువైంది, బొగ్గు జేసినవ్. వెనకకు రా" అని దారి చెప్పింది.

తెర మీద మనిషి తయారయ్యాడు. కాగితం మీదికి రమ్మంటేనే అసలు తగువు మొదలైంది.

తెలుగులో నల్లగా ఉన్నవాళ్ళను 'రంగు తక్కువ' అంటాం. ఎంత సహజంగా అంటామంటే ఆ మాటలో ఏముందో వినిపించనే వినిపించదు. ప్రింటరు పక్కన కూర్చుంటే వినిపిస్తుంది. తెలుపు అనే సిరా దాంట్లో లేదు. తెలుపు కావలసినచోట అది ఏమీ చల్లకుండా కాగితాన్ని కాగితంగా వదిలేసి ముందుకు పోతుంది. రుమాలు దగ్గర అలాగే పోయింది. టచింగ్ చేసిన పాత ముఖమే అయితే దాదాపు అలాగే పోయేది. ఇప్పుడు ముఖం దగ్గరకు వచ్చేసరికి అటూ ఇటూ తిరుగుతూ, ఉన్న సిరా గొట్టాలన్నిట్లోంచీ రంగు తోడి పోసింది. రంగు తక్కువట! ఎవరికి? ఆ మాట పుట్టించినవాడెవడో ఒక్క ముఖం అచ్చు వేసి చూసి ఉంటే తెలిసేది, తక్కువ ఎక్కడుందో.

నిగనిగలాడే గ్లాసీ కాగితం మీద మొదటి ఫోటో వచ్చింది. ఎదురుగా పెట్టి చూస్తే చక్కగా ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని కొంచెం వంచింది.

"యా అల్లా, ఇదేంది? రాగిచెంబు లెక్క మెరుస్తుండు!"

నిజమే. వంచి చూస్తే జుట్టు మీదా బుగ్గ నీడలోనూ ఎర్రటి రాగిమెరుపు తేలుతోంది. దీన్ని ఆ పనివాళ్ళు బ్రాంజింగ్ అంటారు. రంగుపొడి కాగితంలోకి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది. సిరా దట్టంగా పడినచోట ఆ పొర మీదే వెలుతురు పడి వేరే రంగులో తిరిగొస్తుంది. సిరా పడని రుమాలు మాత్రం కాగితం మెరుపుతో అద్దంలా ఉంది. ఒకే ఫోటోలో రుమాలుకు ఒక మెరుపు, ముఖానికి ఒక మెరుపు. పాత తెల్లముఖాన్నే అచ్చు వేసి ఉంటే ఈ జబ్బు ఇంతగా బయటపడేదే కాదు. యంత్రానికి పక్షపాతం ఉంటుందని నేను అనను. కాని దాన్ని తయారుచేసి, పరీక్షించి, భేష్ అనుకున్నవాళ్ళ బల్ల మీద ఎలాంటి ముఖాల ఫోటోలు ఉండి ఉంటాయి? అది నేను అడుగుతాను.

దీనికి సులువైన మందు అద్దం. ఫ్రేము కట్టించి అద్దం వేస్తే ఆ మెరుపు కనబడదు. ఆ మాటే చెప్పాను.

"నక్కో భాయ్‌సాబ్. మా ఇంట్ల మనుషుల ఫోటోలు గోడకు పెట్టం. అత్తమ్మ అస్సలు ఒప్పుకోదు. అది బిడ్డ చేతుల పట్టుకోవాలె. తిప్పి తిప్పి సూస్కోవాలె."

ఆచారాల మీద నాకున్న అభిప్రాయాలు అందరికీ తెలిసినవే. కాని గోడకు దండేసి దణ్ణం పెట్టే మా ఆచారం కన్నా, చేతుల్లో పట్టుకుని చూసుకునే ఈ పద్ధతిలో నాకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. చేతుల్లో పట్టుకునేదైతే వంచినా మెరవకూడదు. అందుకని నునుపు లేని మ్యాట్ కాగితం తెచ్చాను. రాగిమెరుపు పోయింది. కాని ఆ కాగితం మీద నలుపు గాఢంగా రాదు. జుట్టు కాస్త బూడిద తిరిగింది. నేను పెదవి విరిచాను.

"ఉండనియ్. తలకు నూనె పెట్టుకోని రోజు గిట్లనే ఉంటుండె" అంది ఆమె.

ఇంతా అయ్యాక ఆమె ఫోటో పట్టుకుని మా తలుపు దాటి కారిడారులోకి వెళ్ళింది. అక్కడినుంచి కేక.

"భాయ్‌సాబ్, ఈడికొచ్చి సూడు. పసరు తాగినట్టయిండు!"

హాల్లో ట్యూబ్‌లైటు కింద సరిగ్గా ఉన్న మనిషి, పగటి వెలుగులో ఆకుపచ్చగా తేలాడు. ఇది ఆ సిరాల రెండో జబ్బు. గోధుమ, చాక్లెట్, బూడిద లాంటి రంగులు వాటిలో సొంతంగా ఉండవు, నాలుగైదు సిరాల చుక్కలు కలిసి అలా అనిపిస్తాయి. వెలుతురు మారితే వాటి పొత్తు చెడుతుంది. కారిడారుకు సరిచేస్తే హాల్లో ఎర్రబడతాడు. హాలుకు సరిచేస్తే కారిడారులో పచ్చబడతాడు. రెండుచోట్లా ఒకేలా ఉండమంటే ఆ యంత్రం వల్ల కాదు. ఉన్న రంగు ఉన్నట్టు అని నేను పెట్టుకున్న గొప్ప నియమం అక్కడ నీళ్ళు నమిలింది. ఏ వెలుతురులో ఉన్నట్టు?

"మీకు ఆయన ఎక్కడ ఎక్కువ గుర్తుంటాడు?" అని అడిగాను.

గోడకు ఆనుకుని ఆలోచించింది. "గీడనే. పొద్దుగాల ఆఫీసుకు పోయేటప్పుడు తలుపు బయట కూసొని బూట్లు తొడుక్కుంటుండె. నేను చాయ్ పట్టుకొని నిలవడేదాన్ని. ముఖం పైకెత్తి, లేట్ అయితున్నది అని నా మీదనే ఒర్రేటోడు. నేనేం జేసిన!"

కారిడారు వెలుతురుకే సరిచేశాను. ప్రతి అచ్చునూ ఆరనిచ్చి మర్నాడు చూడాలి, తడిమీద ఒక రంగు, ఆరాక ఒక రంగు. ఒక ఉదయం ఆమె ఆఫీసుకు పోతూ మా గుమ్మం దగ్గర ఆగి, బల్ల మీది ఫోటోను వెలుగులోకి తెచ్చి చూసింది. ఈసారి ఏ పోలికా చెప్పలేదు. సంచీలోంచి రుమాలు తీసుకుని కళ్ళు తుడుచుకుని, "ఇగ ముట్టకు భాయ్‌సాబ్, ఇదే" అని రైలుకు పరుగెత్తింది.

పాపకు చూపించలేదు. అత్తగారు వచ్చాక ఇద్దరికీ ఒకేసారి చూపిస్తానంది. అత్తగారు కాదంటేనో అని నేనడిగాను. కాదంటే ఇంక చెప్పే మనిషి లేడని అంది.

ఆ ముసలమ్మ వచ్చిన ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. మా ఆవిడ ఒంట్లో నలతగా ఉండి ఇంట్లోనే పడుకుంది, నేనొక్కణ్ణే వెళ్ళాను. ముసలమ్మ పొట్టిగా, తెల్ల దుపట్టా నుదుటిదాకా కప్పుకుని, ముఖానికి పౌడరు రాసుకుని సోఫాలో కూర్చుని ఉంది. నల్గొండ జిల్లాలో పెరిగిందట, తెలుగు ధారాళంగా మాట్లాడింది.

"నీ తెలుగు సినిమాల లెక్క ఉన్నది బేటా. మాట మాటకు 'అండీ' పెడ్తవ్" అని నన్ను ఆటపట్టించింది.

భోజనాలయ్యాక కోడలు ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. పాప సోఫా చేతి మీద ఎక్కి కూర్చుని తొంగిచూసింది.

"ఎవరమ్మా ఈయన?" అంది ముసలమ్మ.

"మీ కొడుకే అమ్మీజాన్. సరిగ్గ సూడండి."

ముసలమ్మ ఫోటోను దూరంగా పట్టింది, దగ్గరగా పట్టింది. తల అడ్డంగా ఊపింది. "కాదు. మావాడు గాదు. మావాడు గిట్ల ఉండడు. కంప్యూటర్ల ఏం జేసిండ్రో ఏమో."

పాప తల్లివైపు చూసింది. పెద్దవాళ్ళు ఏదో దాస్తుంటే దొరికిపోయినప్పుడు పిల్లలు చూసే చూపు అది. నాకు ఒళ్ళు మండింది. కుంచె, సున్నం, వానకు తడిసిన నెగటివులు, అన్నీ వరసగా నా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. నోరు తెరవబోతుంటే ఆమె నాకు చేత్తో సైగ చేసింది, ఆగమని.

లేచి వెళ్ళి పాత పెళ్ళి ఫోటో తెచ్చింది. అత్తగారి ఒళ్ళో పెట్టి, పెళ్ళికొడుకు ముఖం మీద తన అరచెయ్యి పరిచింది. ఇంక కనిపించేవి రుమాలు, రెండు చేతులు.

"ముఖం సూడకండి అమ్మీజాన్. చేతులు సూడండి."

ముసలమ్మ చూసింది. ఆమె చూపుడువేలు మెల్లగా కదిలి ఫోటోలోని బొటనవేలి మీద ఆగింది.

"తలుపు నేనే వేసిన" అంది. "వీడు ఎనక నిలవడ్డది సూడలే. ఎంత ఏడ్చిండో! నేను ఇంకెక్కువ ఏడ్చిన."

ఆ చెప్పడంలో ఆమె దుపట్టా అంచు జారి, మణికట్టు దాకా చెయ్యి బయటికి వచ్చింది. పౌడరు ముఖానికే రాసుకుంది. ఫోటోలోని చెయ్యి, దాని మీద ఆనిన చెయ్యి, రెండూ ఒకటే రంగు. అది నేను చూశాను, కోడలు చూసింది. అందరికన్నా ముందు పాప చూసింది.

"దాదీ, సేమ్ కలర్!"

ముసలమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మా అత్త నన్ను సూసి బొగ్గుల బస్తా తెచ్చుకున్నం అనేది" అంది, ఎవరితోనో పాత మాట చెబుతున్నట్టు. "వీడు పుట్టంగనే శెనగపిండి, మీగడ కలిపి రుద్దమన్నది. రుద్దిన. జుమ్మెరాతు జుమ్మెరాతుకు, బేస్తవారం బేస్తవారం, కూసోబెట్టి రుద్దిన. వీడు జారిపోయి వాకిట్ల ఉరుకుతుండె, పిండి రాలుకుంట. కోళ్ళు ఎంటపడుతుండె వీనికి, తిననీకి!"

నవ్వొచ్చింది ఆమెకు. నవ్వుతూ దుపట్టా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"దెన్? కలర్ వెంట్ ఆఫ్ ఆ?" అంది పాప, చాలా గంభీరంగా.

కోడలు ఉర్దూలో తర్జుమా చేసి చెప్పింది, ఆ రంగు పోయిందా అని అడుగుతోందని.

"యాడికి పోతది? ఎంత రుద్దినా పోలే. నాది పోలే, వానిది పోలే. అది దుకాణంల సామానా వాపసు తీసుకునేతందుకు!" అని ముసలమ్మ పాప జబ్బ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నా దగ్గర్నుంచి మీ అబ్బాకు, మీ అబ్బా దగ్గర్నుంచి నీకు."

"సో నాట్ హాస్పిటల్ మిస్టేక్ లా" అంది పాప.

ఆ మాట ముసలమ్మకు అర్థం కాలేదు. ఏమంటోంది అని కోడలిని అడిగింది. కోడలు జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

ముసలమ్మ కొత్త ఫోటోను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు తల ఊపలేదు. "జుట్టుకు నూనె లేదేంది వీనికి?" అని మాత్రం అంది. తరవాత నావైపు వంగి, కోడలికి వినపడకుండా, "అయినా బేటా, జెర... జెరంత తెలుపు చెయ్యరాదూ? ఎక్కువొద్దు" అని అడిగింది.

నలభై ఏళ్ళ శెనగపిండి ఒక్క మధ్యాహ్నంలో కడిగితే పోతుందా? వాదించాలంటే నా దగ్గర వాదం లేకపోలేదు. ఆ ముసలి ముఖంలోకి చూస్తే, నాకు ఎవరి మీద కోపం రావాలో ఆ మనుషులు ఎప్పుడో చనిపోయారనిపించింది. "ఇది ఇంతేనమ్మా, కుదరదు" అన్నాను.

"సరే తీ. ఉండనియ్" అంది.

పాప అప్పటికే ఫోటో ఆమె చేతిలోంచి లాక్కుని గుమ్మం దాటింది. ఆ కాగితం మీద చేతి తడి తగిలితే మరక పడుతుంది, అంచులు పట్టుకోవాలి. ఆ జాగ్రత్తలు చెప్పడానికి లేచాను. కారిడారులో చెప్పులు లేని కాళ్ళ చప్పుడు మా ఇంటిదాకా పోయి ఆగింది. తలుపు బాదింది. మా ఆవిడ నిద్రమత్తులో ఎవరే అంటోంది.

"ఆంటీ, ఓపెన్! మై అబ్బా. కమ్ సీ, హీ లుక్ లైక్ మీ."